మెట్ల కింద మెయిన్ బోర్డు, అదే చోట లిఫ్టు: తిరుపతిలో ఒక పాత లాడ్జి కేస్ స్టడీ

గోవిందరాజస్వామి గుడి చుట్టుపక్కల సందుల్లో పాత లాడ్జీలు ఎట్లుంటాయో ఇక్కడోళ్ళకి కొత్తగా చెప్పక్కర్లేదు. ముందర రెండు అంగళ్ళు, మధ్యలో సన్నటి దారి, దారి చివర మెట్లు, మెట్ల కింద మీటర్లు, మెయిన్ స్విచ్చులు, వాటికి ఆనించి చీపుర్లు, బకెట్లు, పాత పరుపులు. ఈ బిల్డింగూ అంతే. కింద రిసెప్షన్, ఒక టిఫిన్ హోటలు, ఒక పూజ సామాన్ల అంగడి, పైన రెండు ఫ్లోర్లలో ఫ్లోరుకి 8 చొప్పున 16 రూములు. కింద ఫ్లోరు, ఫస్ట్ ఫ్లోరు పాత కట్టుబడి, సున్నం గోడలు, మద్రాస్ టెర్రస్ కప్పు (టేకు దూలాల మీద ఇటుకలు పరిచింది). సెకండ్ ఫ్లోరు తర్వాత ఎప్పుడో లేపింది, ఆ ఫ్లోరుకి మాత్రం స్లాబ్. కొండకి పోయొచ్చే పెద్దవాళ్ళు మెట్లెక్కలేక వేరే లాడ్జికి పోతా ఉన్నారని ఓనరు లిఫ్టు పెట్టాలనుకున్నాడు, పెట్టడానికి బిల్డింగు మొత్తమ్మీద ఒకే ఒక చోటు దొరికింది, అది మెట్ల కింద మెయిన్ బోర్డు ఉన్న చోటే. ఆ బోర్డు మార్చే కరెంటు పని నాది.

ఓనరు పెద్దాయన నాతో అన్న మొదటి మాట "ఆ పెట్టె తీసి పక్కన బిగించేదానికి ఒక పూట చాలదా నాయనా" అని. పెట్టె బిగించేదానికి పూట చాలు నిజమే. దాంట్లోంచి పోయే వైర్లు ఏది ఎక్కడికి పోతా ఉందో తెలుసుకునేదానికి మాత్రం పూట కాదు, ఈ పని మొత్తంలో ఎక్కువ టైము తిన్నది అదే, అందుకే దాని గురించే ఎక్కువ రాస్తా ఉన్నా.

ముందు పాత బోర్డు సంగతి. మూడు మీటర్లు, లాడ్జికి త్రీ ఫేజ్, హోటలుకి, అంగడికి వేరేవి. లాడ్జి మీటరు తర్వాత ఐరన్ క్లాడ్ మెయిన్ స్విచ్చు, పింగాణీ కిట్‌క్యాట్ ఫ్యూజులు, వాటిల్లో ఫ్యూజు వైరు బదులు ఎవరో మామూలు రాగి తీగ రెండు పేటలు మెలేసి పెట్టారు, అంటే ఫ్యూజ్ ఉన్నా లేనట్టే. వైరింగ్ మూడు కాలాల్ది. కింద ఫ్లోర్లో టేకు పట్టీల మీద క్లిప్పులు కొట్టి లాగిన రబ్బరు వైరు, వేలితో నలిపితే ఇన్సులేషను పొడి రాలుతా ఉంది. ఫస్ట్ ఫ్లోర్లో పీవీసీ పైపులు, పైన కేసింగ్ క్యాపింగ్ (గోడ మీద బిగించే మూతున్న పట్టీలు). ఒక కాలపు పనిని ఇంకో కాలం పనికి కలిపిన చోట్లన్నీ జంక్షన్ బాక్సులు, రిసెప్షన్ వెనకాల ఒకటి మూత తీస్తే లోపల పదీ పన్నెండు జాయింట్లు, అన్నీ చేత్తో మెలేసి టేపు చుట్టినవే, ఆ టేపు ముదిరిన బెల్లం పాకం మాదిరి కారి ఒకదానికొకటి అతుక్కోనుంది. అందులో ఎరుపు రంగు వైరు న్యూట్రల్ (కరెంటు తిరిగి పోయేది), నలుపు రంగు వైరు ఫేజ్ (కరెంటు వచ్చేది), ఉండాల్సినదానికి తలకిందులు. రంగు చూసి నమ్మి చెయ్యి పెట్టుంటే పని అక్కడే ఆగిపోయేది.

కాబట్టి కటింగ్ ప్లేయరు బయటికి తియ్యకముందు చేసిన పని ట్రేసింగ్. పాత బోర్డు అన్ని వైపుల నుంచి ఫోన్లో ఫోటోలు తీసుకున్నాం. ఒక్కో ఫ్యూజు తీసి ఏం ఆరిందో రూమ్ రూమ్ తిరిగి చూసి, ప్రతి వైరుకీ రెండు కొసలకీ మాస్కింగ్ టేపు వేసి ఒకే నంబరు రాశాం. మా పిల్లోళ్ళు మొదట్లో విసుక్కున్నారు, ఇంత సేపు ఎందుకన్నా, కొత్త వైరు లాగేస్తే పోలేదా అని. కొత్తది లాగుతాం సరే, కానీ లాడ్జి నడస్తా ఉంది, పాతది ఆగకుండా కొత్తది రావాల, సగం పాతది సగం కొత్తది ఉన్న రోజుల్లోనే ప్రమాదాలు జరిగేది.

ఆ ట్రేసింగులో బయటపడిన మొదటి విశేషం హోటలు ఫ్రీజరు. లాడ్జి మెయిన్ ఆపినప్పుడు కింద హోటల్లోంచి కేక, "అన్నా, మా ఫ్రీజరు ఎందుకాపినారు?" అని. వాళ్ళ మీటరు వేరే, వాళ్ళ మెయిన్ వేరే, అది ఆన్‌లోనే ఉంది. చూస్తే ఎప్పుడో ఏ కాలంలోనో ఒక లైను లాడ్జి వైపు నుంచి వాళ్ళ వెనక గదికి పోయుంది, ఇప్పుడున్న హోటలాయన రాకముందే. పెద్దాయన కింద నిలబడి "అంటే ఇన్నేళ్ళూ ఆ ఫ్రీజరు బిల్లు నేనేనా కడతా ఉండేది" అంటే హోటలాయన "నాకేం తెలుసు సామీ, ప్లగ్గు ఉంటే పెట్టుకున్నా" అన్నాడు. ఇద్దరి మాటా నిజమే.

రెండోది అంత నవ్వొచ్చేది కాదు. మెయిన్ ఆఫ్ చేసి, ఫ్యూజులు ఊడదీసి, టెస్టర్ పెట్టి చూస్తే కారిడార్ లైన్ల వైర్లో ఇంకా కరెంటు ఉంది. రిసెప్షన్ టేబుల్ కింద ఇన్వర్టరు. బోర్డు చచ్చినా అది బతికే ఉంటాది, పైగా దాని న్యూట్రల్ మెయిన్ న్యూట్రల్‌తో కలిపేసున్నారు. రెనొవేషన్ పనుల్లో మెయిన్ ఆపేశాం గదా అని చెయ్యి పెట్టే ప్రతి ఎలక్ట్రీషియనూ ముందు అడగాల్సింది ఇన్వర్టర్ ఎక్కడ, జనరేటర్ ఎక్కడ, పక్కోళ్ళ లైను ఏదైనా ఉందా అని. టెస్టర్ ఒక్కటే నమ్మొద్దు, మల్టీమీటర్‌తో ఫేజుకీ న్యూట్రల్‌కీ, ఫేజుకీ ఎర్త్‌కీ, న్యూట్రల్‌కీ ఎర్త్‌కీ మూడూ చూడాల. పని ఉన్నన్ని దినాలూ ఇన్వర్టరు బ్యాటరీ వైరు తీసి పక్కన పెట్టించా, రిసెప్షన్ కుర్రాడికి ఫోన్ చార్జింగ్ ఇబ్బంది, పర్లేదు.

ఇప్పుడు కొత్త ప్యానెల్, అంటే కొత్త మెయిన్ బోర్డు, ఎక్కడ అనేది. పెద్దాయన మనసులో ఉన్నది వెనక స్టోర్ రూమ్, ఎవరికీ కనపడదు, చూసేదానికి నీట్‌గా ఉంటాదని. ఆ రూము రోడ్డు కన్నా రెండడుగులు కింద ఉంది, ఎందుకంటే రోడ్డు మీద రోడ్డు వేసుకుంటా పోయినారు, బిల్డింగు మాత్రం ఉన్న చోటే ఉంది. 2021 నవంబరు వానలకి తిరుపతి ఎట్ల మునిగిందో అందరూ చూశారు, ఆ రూములో గోడకి అప్పటి నీళ్ళ చార ఇంకా కనిపిస్తా ఉంది, మోకాళ్ళకి పైన. ఆ చార చూపించి ఇక్కడ ప్యానెల్ పెడితే మళ్ళీ అట్లాంటి వాన వచ్చినప్పుడు బిల్డింగు చీకటి కావడం కాదు, నీళ్ళలోకి దిగినోడు పోతాడని చెప్పినా. అప్పుడు ఒప్పుకున్నాడు. చివరికి దారిలోనే, వీధి వైపు గోడకి, మీటర్లు రీడింగ్ తీసేవాళ్ళకి అందేటట్టు ముందర, దాని పక్కనే ప్యానెల్, అడుగు భాగం ఆ నీళ్ళ చార కన్నా బాగా పైకి వచ్చేటట్టు పెట్టినాం. ప్యానెల్ ముందు మీటరు దూరం ఖాళీ ఉండాలనేది రూల్, ఆ మీటరు కోసం పూజ సామాన్ల అంగడాయన దారిలో పెట్టుకున్న స్టాండు లోపలికి జరపాల్సొచ్చింది, దానికి పట్టిన మాటలు ప్యానెల్‌కి పట్టలేదు.

లోడు లెక్క దగ్గర తిరుపతికి ఒక ప్రత్యేకత ఉంది, బయటి నుంచి వచ్చిన కన్సల్టెంట్లకి ఇది తట్టదు. మామూలుగా లాడ్జి అంటే అన్ని గీజర్లూ ఒకేసారి ఆన్ కావు, సగమో అరవై శాతమో వేసుకుంటే చాలు అనుకుంటారు. ఇక్కడ అట్ల కుదరదు. తెల్లవారుజామున దర్శనానికి పోవాల్సినోళ్ళు రెండున్నర, మూడుకే లేస్తారు, లాడ్జి మొత్తం ఒకేసారి స్నానం. అప్పుడు ఏసీలు కూడా ఇంకా ఆపుండరు. 16 గీజర్లు, ఒక్కోటి 2 కిలోవాట్లు, మూడు ఫేజులకి పంచితే ఒక ఫేజ్ మీద 6 పడతాయి, 12 కిలోవాట్లు, అంటే 230 వోల్టుల దగ్గర 52 ఆంపియర్లు. ఏసీలు 10 పెడతామన్నారు, ఒక ఫేజుకి 4, ఒక్కోటి 1.2 కిలోవాట్ వేసుకున్నా ఇంకో 21. లిఫ్టు మోటరు, బోరు పంపు కలిపి 12 దాకా. మొత్తం 85 ఆంపియర్లు, లైట్లు ఫ్యాన్లు కాక. పాత మెయిన్ కేబుల్ 10 స్క్వేర్ ఎంఎం అల్యూమినియం, ఇది దాంట్లో సగం కూడా హాయిగా మొయ్యదు.

గీజర్లు తగ్గించుకోమంటే పెద్దాయన ససేమిరా అన్నాడు, "వేన్నీళ్ళు లేకపోతే లాడ్జి ఎందుకయ్యా" అని. అందుకని సెకండ్ ఫ్లోరు 8 రూములకి గీజర్ల బదులు మేడ మీద సోలార్ వాటర్ హీటరు, మబ్బు పట్టిన రోజులకి దాంట్లోనే హీటింగ్ ఎలిమెంటు, అది రాత్రి పదకొండు నుంచి రెండు లోపల టైమరు మీద, అంటే జనం లేచేలోపే నీళ్ళు కాగుంటాయి. ఫస్ట్ ఫ్లోరుకి గీజర్లు అట్లే. దాంతో ఎక్కువ పడే ఫేజ్ మీద 60 ఆంపియర్ల దగ్గరికి దిగింది. మెయిన్‌కి 3.5 కోర్ 35 స్క్వేర్ ఎంఎం అల్యూమినియం ఆర్మర్డ్ కేబులు, 100 ఆంపియర్ల ఫోర్ పోల్ ఎంసీసీబీ (లోడు మించితే దానంతటదే పడిపోయే మెయిన్ బ్రేకరు). ప్యానెల్లో బస్‌బార్ (కరెంటు పంచే పట్టీ) రాగిది కాబట్టి అల్యూమినియం కేబులుకి బైమెటాలిక్ లగ్గులు (రాగి, అల్యూమినియం రెండూ ఉన్న కొస తొడుగులు) వేసి క్రింపింగ్ చేసినాం, మామూలు లగ్గు వేసి బోల్టు బిగిస్తే మొదటి వేసవికి ఏం కాదు, తర్వాత అక్కడే కాలి నల్లబడతాది.

ఎడిషనల్ లోడుకీ, మీటర్లు మార్చేదానికీ ఏపీఎస్పీడీసీఎల్‌కి (ఇక్కడి కరెంటు డిపార్ట్‌మెంటు) దరఖాస్తు ముందే పెట్టించినా. మీటరు సీలు మనం ముట్టుకునేది కాదు, ఒక అడుగు పక్కకి జరపాలన్నా డిపార్ట్‌మెంటు వాళ్ళు వచ్చి జరపాల, ఎస్టిమేట్ డబ్బులు కట్టాల, లైసెన్స్ ఉన్న కాంట్రాక్టరు సంతకంతో టెస్ట్ రిపోర్ట్ ఇవ్వాల. సివిల్ పని మొదలెట్టినాక దరఖాస్తు పెడతాం అనుకునే ఓనర్లు గోడ కొట్టేసి మీటర్లు తీగలకి వేలాడేసుకుని కూర్చోనుంటారు, అట్లాంటివి ఊర్లో ఎన్నో.

ఎర్తింగ్ (లీకైన కరెంటు భూమిలోకి పోయే దారి) గురించి కొంచెం ఎక్కువే చెప్పాల. మెట్ల కింద పాత బోర్డు నుంచి ఒక జీఐ తీగ కిందికి గచ్చులోకి పోతా ఉంది. లిఫ్టు గుంత తవ్వడం మొదలైన రోజు మేస్త్రీ ఫోన్, "అన్నా, ఇక్కడ పాత నీళ్ళ పైపు ఒకటి అడ్డమొస్తా ఉండాది, కోసేస్తా" అని. అది నీళ్ళ పైపు కాదు, బిల్డింగు మొత్తానికి ఉన్న ఒకే ఒక ఎర్త్ పైపు. తీగ ఎక్కడికి దిగుతా ఉందో ముందే చూసుకోనుండాం కాబట్టి గుంత పని మొదలెట్టే లోపలే వెనక పెరట్లో కొత్త ఎర్త్ పిట్లు తయారుగా ఉన్నాయి, పాత తీగ వాటికి మార్చి, కోసుకో పర్లేదన్నా. అదే కొత్తది లేకుండా ఆ పైపు కోసేసుంటే ఏమయ్యేది? ఏమీ కనపడదు, అదే సమస్య. బల్బు వెలుగుతాది, ఫ్యాన్ తిరుగుతాది, ఏసీ చల్లగా ఉంటాది. ఏదో ఒక గీజర్లో ఎలిమెంటు నుంచి కరెంటు లీకయ్యే దాకా ఎర్త్ లేదని ఒక్కరికీ తెలీదు.

పెరట్లో తవ్వితే మూడడుగులకే రాయి. కొండ పక్క ఊరు గదా, ఇంతే. ఎర్త్ ఎలక్ట్రోడ్ బిల్డింగు గోడకి కనీసం ఒకటిన్నర మీటరు దూరం ఉండాల, 40 ఎంఎం జీఐ పైపు రెండున్నర మీటర్లు దిగాల, అంత స్థలం ఆ పెరట్లో బాత్రూమ్ నీళ్ళు పోయే వైపే ఉంది, అది ఒకందుకు మంచిదే, ఎప్పుడూ తడి ఉంటాది. డ్రిల్లింగ్ మిషను తెప్పించి దించినాం. మొదటి పిట్ ఎర్త్ టెస్టర్‌తో కొలిస్తే 9 ఓమ్స్ (ఇది ఎంత తక్కువుంటే అంత మంచిది), ఒక్క పైపుతో తగ్గలేదు. రెండోది మొదటిదానికి దగ్గర్లో వేస్తే ఒకటే మట్టిని ఇద్దరూ పంచుకున్నట్టు అవుతాది, పెద్ద ఉపయోగం ఉండదు, పైపు పొడవుకి రెండింతలన్నా దూరం ఉంటే మంచిది. పెరడు ఆ మూల నుంచి ఈ మూలకి లాగి వేసి రెండూ కలిపితే 5 లోపలికొచ్చింది. కొలిచింది ఎండాకాలంలో, వానల తర్వాత కొలిచి సంతోషపడేది లెక్కలోకి రాదు.

పైకి కేబుల్స్ ఎట్ల తీసుకుపోవాల అన్నప్పుడు మేస్త్రీకీ నాకూ కొంచెం వాదన. లిఫ్టు షాఫ్టు నిట్టనిలువుగా కింది నుంచి పై దాకా ఉంది, అందులోనే వేసేయ్ అన్నాడు. లిఫ్టు షాఫ్టులో లిఫ్టుకి సంబంధించినవి తప్ప వేరే కేబులూ, నీళ్ళ పైపూ ఉండకూడదు, లిఫ్టు ఇన్‌స్పెక్షన్‌లో మొదట చూసేదే అది. వెనక గోడకి వేరేగా ఒక డక్ట్ కట్టించినాం. మద్రాస్ టెర్రస్ కప్పులో బొక్క పెట్టాలంటే టేకు దూలాలకి మధ్య ఎక్కడుందో పైనుంచి తట్టి చూసుకుని, దూలం ముట్టకుండా ఇటుకలు మాత్రమే తియ్యాల. ఆ కప్పుల్లో పైపు దాచడం అనేది ఉండదు, గోడకి జీఐ కాండ్యూట్ పైపైనే వేశాం, పెద్దాయనకి మొదట నచ్చలేదు, పెయింట్ వేసినాక ఏమనలేదు. కేబుల్స్ ఫ్లోరు దాటే చోట బొక్కలు ఫైర్ సీలెంట్‌తో మూసినాం, లేకపోతే కింద హోటల్లో ఏదన్నా అంటుకుంటే పొగ నేరుగా రూముల్లోకి పోయే దారి మనమే వేసిచ్చినట్టు.

ఫ్లోరు ఫ్లోరుకీ కొత్త డీబీ (ఆ ఫ్లోరు లైన్లన్నీ పంచే పెట్టె), డీబీలో 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే దానంతటదే పడిపోయి లైను ఆపేసే స్విచ్చు). కింద పాత బోర్డు నడస్తా ఉండగానే కొత్తది దాని నుంచి దూరంగా కట్టి, కొత్త కేబుల్స్ పైకి లాగి, ఒక్కో రూము ఖాళీ అయినప్పుడు దాన్ని పాత లైను నుంచి కొత్త డీబీకి మార్చుకుంటా పోయినాం. లైట్లకి 1.5 స్క్వేర్ ఎంఎం, ప్లగ్గులకి 2.5, ఏసీ గీజర్లకి 4. మార్చే ముందు ప్రతి సర్క్యూటూ 500 వోల్టుల మెగ్గర్ (ఇన్సులేషను కొలిచే మీటరు). పాత లెక్క ఒకటుంది, 50ని పాయింట్ల సంఖ్యతో భాగిస్తే ఎన్ని మెగా ఓమ్స్ వస్తాదో అంతకన్నా తక్కువ ఉండకూడదని, 60 పాయింట్లుంటే 0.83. సెకండ్ ఫ్లోర్లో వైరింగు మార్చాల్సిన పని లేదు, బాగానే ఉందని అందరూ అన్నారు, మెగ్గర్ పెడితే ఒక సర్క్యూటు 0.2 చూపించింది. కేసింగ్ బిగించేటప్పుడు కొట్టిన మేకు వైర్లోకి దిగుంది, ఇన్నేళ్ళూ అట్లే నడిచింది.

ఆర్‌సీసీబీలు పెట్టిన తర్వాతే అసలు ఆట. ఫస్ట్ ఫ్లోరుది, సెకండ్ ఫ్లోరుది రెండూ ఒకేసారి పడిపోతా ఉన్నాయి, అదీ రాత్రిపూట. పగలు ఎంత లోడేసినా పడవు. ఆర్‌సీసీబీ పాడైంది, మంచి కంపెనీది వెయ్యలేదు అని సలహాలు మొదలైనాయి, ఒకాయనైతే అది తీసేసి మామూలు ఐసోలేటర్ (లీకేజీ పట్టని స్విచ్చు) పెట్టెయ్యమన్నాడు. లీకేజీ అయితే రెండు ఫ్లోర్లకి ఒకేసారి ఎందుకొస్తాది? రాత్రిపూట మాత్రమే వెలిగేది ఏంది? మెట్ల లైటు. దాని టూవే స్విచ్చులు ఒకటి కింద, ఒకటి పైన. క్లాంప్ మీటరుతో (వైరు చుట్టూ పట్టుకుని కరెంటు కొలిచేది) ఫస్ట్ ఫ్లోరు డీబీకి వచ్చే ఫేజునీ న్యూట్రల్‌నీ రెండిటినీ కలిపి పట్టుకుంటే సున్నా చూపించాల, ఎందుకంటే పోయినంత కరెంటు తిరిగి రావాల. మెట్ల లైటు వెయ్యగానే సున్నా కాకుండా పోయింది. ఫేజు ఫస్ట్ ఫ్లోరుది, న్యూట్రల్ మాత్రం దగ్గరగా దొరికిందని సెకండ్ ఫ్లోరు నుంచి తీసుకున్నారు. ఫస్ట్ ఫ్లోరు ఆర్‌సీసీబీకి పోయింది తిరిగి రావట్లేదు, సెకండ్ ఫ్లోరు దానికి పోనిది వస్తా ఉంది, ఇద్దరూ లీకేజీ అనుకుని పడిపోతా ఉన్నారు. ఆర్‌సీసీబీ దాని పని అది సరిగ్గా చేస్తా ఉంది. మెట్ల లైట్లన్నీ ఫ్లోర్లతో సంబంధం లేకుండా మెయిన్ ప్యానెల్ నుంచి వేరే సర్క్యూటు చేసి, దానికి వేరే ఆర్‌సీసీబీ ఇచ్చినాం. పాత బిల్డింగుల్లో ఆర్‌సీసీబీ పెట్టగానే పడిపోతా ఉందంటే సగం సార్లు ఈ అప్పు తెచ్చుకున్న న్యూట్రలే.

అసలు మార్పు రోజుకి టైము ఎన్నుకోవడం కూడా ఒక పనే. హోటలు తెల్లారుజామున నాలుక్కే రుబ్బుడు మొదలెడతాది, లాడ్జికి రాత్రి ఏసీలు, పొద్దున గీజర్లు. మధ్యాహ్నం పదకొండున్నర తర్వాత, చెక్ అవుట్లు అయిపోయి, టిఫిన్లు అయిపోయినాక ఎవరికీ పెద్ద అవసరం ఉండదు. బ్రహ్మోత్సవాలు, వైకుంఠ ఏకాదశి, శని ఆదివారాలు వదిలేసి ఒక మామూలు బుధవారం పెట్టుకున్నాం. డిపార్ట్‌మెంటు లైన్‌మెన్ వచ్చి పోల్ దగ్గర ఫ్యూజులు తీసి, మీటర్లు కొత్త చోటికి మార్చి, సర్వీస్ వైరు కలిపినారు.

న్యూట్రల్ మొదట బిగించాల, విప్పేటప్పుడు చివర్న విప్పాల. త్రీ ఫేజ్‌లో న్యూట్రల్ వదులైతే 230తో నడవాల్సిన టీవీకీ ఫ్రిడ్జికీ 400 వోల్టుల దాకా పడొచ్చు, ఒక్క క్షణం చాలు, రూములన్నీ టీవీలు కాలిపోయిన లాడ్జీలు నాకు తెలుసు. కరెంటు ఇచ్చినాక ఒక్క ఎంసీబీ (చిన్న బ్రేకరు) కూడా ఎత్తకుండా ముందు వోల్టేజీలు చూసినాం, ఫేజుకీ న్యూట్రల్‌కీ 231, 228, 234, ఫేజుకీ ఫేజుకీ 400 దగ్గర్లో. అప్పుడే ఒక్కో ఫ్లోరూ ఎత్తింది.

తర్వాత ఫేజ్ సీక్వెన్స్, అంటే ఆర్ వై బీ అనే మూడు ఫేజుల వరుస, మోటరు ఎటు తిరగాలో దాన్ని బట్టే. సీక్వెన్స్ మీటరు పెట్టి మెయిన్ దగ్గరే ఆర్ వై బీ సరిచేసినాం, ఎందుకంటే లిఫ్టు కంట్రోల్ ప్యానెల్ తలకిందుల సీక్వెన్స్ ఒప్పుకోదు. బోరు మోటరు వేస్తే నీళ్ళు సన్నగా కారినట్టు వస్తా ఉన్నాయి. పెద్దాయనకి వెంటనే బోరు ఎండిపోయిందేమో అని భయం, ఎండాకాలం గదా. పాత రోజుల్లో మెయిన్‌లోనే సీక్వెన్స్ తిరగబడి ఉంటే ఎవరో స్టార్టర్ దగ్గర తిప్పి సరిచేసుకున్నారు, ఇప్పుడు మెయిన్ సరైంది కాబట్టి మోటరు ఎదురు తిరుగుతా ఉంది. స్టార్టర్లో రెండు ఫేజులు మార్చినాం, నీళ్ళు మామూలుగా వచ్చినాయి.

ఇంకా మిగిలినవి కొన్ని ఉన్నాయి. కింద ఫ్లోరు టేకు పట్టీల వైరింగు రిసెప్షన్ వైపు మొత్తం తీసేశాం, అంగడి వైపు ఆయన మీటరు మీది కాబట్టి ఆయన ఒప్పుకోవాల, ఇంకా ఒప్పుకోలేదు, ప్రస్తుతానికి ఒక ఆర్‌సీసీబీ మాత్రం పెట్టించినా. లగ్గుల బోల్టులు రెండు మూడు నెలలు లోడు మీద నడిచినాక మళ్ళీ టార్క్ రెంచ్‌తో బిగించాల. ఆర్‌సీసీబీ టెస్ట్ బటన్ నెలకోసారి నొక్కమని రిసెప్షన్ కుర్రాడికి చూపించినా, ప్యానెల్ తలుపు లోపల ఏ స్విచ్చు దేనికో తెలుగులో రాసి లామినేషన్ చేసి అంటించినాం, పాత నంబర్లు కొట్టేసి కొత్తవి. హోటలు ఫ్రీజరు లైను హోటలు మీటరు మీదికి మార్చేశాం, వెనకటి బిల్లుల సంగతి వాళ్ళిద్దరూ ఇంకా తేల్చుకుంటా ఉన్నారు, అందులోకి నన్ను పిలిచినారు గానీ నేను పోలే.